కందీలు లేకుండ దిగిన పొద్దు

జయరామన్న అసొంటి మొండి మనిషిని నేను ఒమాన్‌ల ఇంకొకరిని చూడలే. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, సైట్ల అందరికీ ఎరికే. కని ఆయన మీద ఎంత ఒర్రినా గోడకు చెప్పినట్టే. "సరే సురేందరూ" అంటడు, మల్ల తను చేసేదే చేస్తడు.

ఆయనది మెట్‌పల్లి దిక్కు. తాతల నాటి సంది బావుల పూడిక తీసే పని. పాత బావిల దిగే ముందు కందీలు ముట్టిచ్చి తాడు కట్టి లోపలికి ఇడుస్తరు. దీపం ఆరిపోతే కింద గాలి చెడ్డదని లెక్క, మనిషి దిగొద్దు. ఒకనాడు తొందర పనిల వాళ్ల నాయిన కందీలు ఇడువకుండనే దిగిండు. మీద తాడు పట్టుకున్నది జయరామన్ననే, ఇంకా మీసాలు రాని వయసు. పిలిస్తే కింద నుంచి పలుకు రాలే. గుంజేసరికి నాయిన పానం పోయింది.

అప్పటి సంది కందీలు చూపియ్యంది ఏ గుంతల కాలు పెట్టడు. ఇక్కడికి వచ్చేటప్పుడు గూడ బట్టల నడుమ చుట్టుకొని కందీలు తెచ్చుకున్నడు. మా కంపెనీ ఖబూరా అనే ఊరి తోటలల్ల పాత బావులు సాఫ్ చేసేది, అట్ల అది అక్కరకొచ్చింది. బావి పని నాకు నేర్పింది ఆయనే. ఎవడన్న "పట్టు" అంటే తాడు చేతుల ఉన్నోడు ఉన్నకాడనే బిగవట్టాలె, ఎందుకని అడగొద్దు, తల తిప్పి చూడొద్దు. అది మొదాలు నేర్పిండు.

రోజూ పొద్దుమూకంగ ఆయన భార్య కమలవ్వ వదిన ఇంటి నుంచి ఫోన్ చేస్తది. తిన్నవా అని గూడ అడగదు. "కందీలు చూపిచ్చే దిగినవా?" అంటది. ఈయన "ఆ, చూపిచ్చిన" అన్నంకనే తక్కిన ముచ్చట.

మొన్నటి ఎండకాలం కంపెనీ కొత్త పని వట్టింది. కరెంటు రాకముందు ఈ తోటల ఇండ్లు జనరేటర్ల మీద నడిచేటియట. వాటికి డీజిల్ కోసం వాకిట్ల పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు పాతిండ్రు. ఇప్పుడవి తుప్పువట్టి కారవట్టినయి. బావి నీళ్లు తోడితే డీజిల్ వాసన. వాటిని తవ్వి, లోపలి మడ్డి గీకి, పైకి లేపి పంపాలె. సేఫ్టీ ఆయన మమ్ములను నిలవెట్టి హిందీల చెప్పిండు: నిప్పు బంద్, బీడీ, సిగరెట్, లైటర్ ఏది కనవడ్డా ఇంటికి పంపుడే. జయరామన్న తలకాయ ఊపిండు. ఆయనకు బీడీ అలవాటే లేకపాయె.

ఖబూరాల మొదటి ట్యాంకు. చుట్టూ మన్ను తీసినం, డీజిల్ గుంజేసినం, మీది మూత ఇప్పినం. లోపల గాలి చూసే మీటర్ పట్టుకొని సేఫ్టీ ఆయన అల్ మవాలేల ఉన్న ఆఫీసు నుంచి వస్తున్నడు. అప్పటిదాంక ఎవ్వలు ముట్టొద్దన్నడు. క్రేన్‌కు తొవ్వ చూపెట్ట నేను రోడ్డు మీదికి పోయిన. ఎండకు ఇనుము మీద చెయ్యి పెడితే చర్మం ఊడొచ్చేటట్టున్నది.

తిరిగి వచ్చి చూద్దును గదా, కడప నుంచి వచ్చిన వహీద్, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ట్యాంకు మూతి మీద కూసొని లోపలికి కాళ్లు యాలాడేసిండు, దిగెటందుకు తయారు. ఆయన పక్కన జయరామన్న. చేతుల తాడు, తాడుకు కందీలు. అది వెలుగుతున్నది.

నాకు ఒర్రుదామనిపిచ్చింది. ఒర్రితే ఆయన ఉలికిపడి తాడు ఇడుస్తడు. ఉరికి పోదామంటే అంత దూరం. ఆయన ఒక్కో పిడికిలి తాడు ఇడుస్తున్నడు, కందీలు మూతి మీదికి దిగుతున్నది.

"పట్టు" అన్న.

తల తిప్పలే. ఎందుకని అడగలే. చేతులు బిగుసుకున్నయి. కందీలు మూతికి మోకాలెత్తున ఆగిపోయి ఊగుతున్నది. నేను నడుసుకుంటనే పోయిన. తాడు అందుకొని కందీలు పక్కకు జరిపి, గాలికి ఎదురుంగ ఖర్జూరం చెట్ల అవతలికి తీసుకపోయి ఊదిన. అప్పుడు తిట్టిన చూడు, నాకు వచ్చిన తిట్లన్ని అయిపోయినయి.

"నిప్పు బంద్ అని చెప్పిండా లేదా?"

"దీపం నిప్పెట్లయితది సురేందరూ?" అన్నడు. అమాయకంగనే అడిగిండు. గా మాటకు నాకు ఇంకింత కాలింది.

"బావిల చెడ్డ గాలి దీపాన్ని ఆర్పుతది. ఈడ ఆవిరి దీపాన్ని అందుకొని పేలుతది. ఇంటాయన పడవల పెట్రోల్ గూడ ఈ ట్యాంకులనే పోసిండట. మన ముగ్గురం ఏరుకుందామన్నా దొరకకపోదుము."

వహీద్ కాళ్లు పైకి తీసుకొని, చెట్టు కిందికి పోయి కూసున్నడు. జయరామన్న ఆయన దిక్కు చూసిండు.

"నాయినకు దీపం పెట్టక చంపుకుంటి. వీన్ని దీపం పెట్టి చంపుతుంటి" అన్నడు.

నా కోపం ఆడికే సల్లారింది.

సేఫ్టీ ఆయన వచ్చి మీటర్ పెట్టంగనే అది కుయ్యో మొర్రో అని మొత్తుకున్నది. పైపుతోని గాలి కొట్టుకుంట పొద్దు వాలేదాంక కూసున్నం. ఆఖరికి మీటర్ సప్పుడు చెయ్యలే. దిగుమన్నడు. వహీద్ తన తోని కాదన్నడు. నేను తిట్టలే.

"నేను దిగుత" అన్నడు జయరామన్న.

మాస్క్ పెట్టుకొని మూతి కాడ నిలవడ్డడు. చెయ్యి ఉత్తగనే పక్కకు దేవులాడుతున్నది, కందీలు కోసం. "ఈ మీటర్ డబ్బ అబద్ధం చెప్తే?" అని అడిగిండు.

"తాడు నేను పడుత అన్నా. పిలుస్తనే ఉంట" అన్న.

దిగిండు. లోపల అంత చీకటి. "జయరామన్నా" అని పిలిస్తే "ఓ" అంటున్నడు. మల్ల పిలిచిన, "ఓ" అన్నడు. ఇంకోపారి పిలిచిన, పలుకు లేదు. ఇంకింత గట్టిగ పిలిచిన. లేదు. వహీద్ ఉరికొచ్చి నాతోని తాడు పట్టిండు. కాళ్లు తన్నిపెట్టి గుంజబోతుంటే లోపల నుంచి "ఏందిరా, గీకే సప్పుడుకు వినవడతలేదు" అన్నడు. నేను ఆడనే మన్నుల కూలవడ్డ.

తిరిగి పోయేటప్పుడు పికప్‌ల ముందట ముగ్గురం ఇరికి కూసున్నం. కందీలు నా ఒడిల పెట్టుకున్న, ఆయనకు ఇయ్యలే. ఫోన్ మోగింది. స్పీకర్ల పెట్టిండు.

"కందీలు చూపిచ్చే దిగినవా?" అన్నది కమలవ్వ వదిన.

జయరామన్న నోరు తెరిచిండు. మాట రాలే. ఆమెకు ఎన్నడు అబద్ధం చెప్పినోడు కాదు.

"ఏమయ్యా?" అన్నది. కొంచెం ఆగి, "పలుకవేంది?" అన్నది. ఆ గొంతుల బుగులు నాకు తెలుసు. ఇందాక ఆ మూతి కాడ నేను గూడ గట్లనే పిలిచిన.

ఫోన్ గుంజుకున్న. "చూపిచ్చిండు వదినా. తాడు నేనే పట్టుకున్న" అన్న.

ఆమె ఊపిరి ఇడిసింది. "అన్నం తిన్నరా మరి?" అని అడిగింది.