బన్ను, రెండు గళ్లు

అమలాపురంలో మా ఇంట్లో ఆదివారం అంటే గళ్లనుడికట్టు. మా ఆయన బస్టాండు దగ్గరి బేకరీ నుంచి వేడి బన్నులు తెస్తారు, నేను టీ పెడతాను. ఆయన ఆధారాలు చదవాలి, నేను గళ్లు నింపాలి. పెళ్లయిన నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఆ ఆదివారానికి మాత్రం మా మధ్య సరిగ్గా మాటల్లేక నాలుగు రోజులైంది. నడుము దాటే జుట్టును మెడ దాకా కత్తిరించుకుని ఇంటికొస్తే, గుమ్మంలోనే "ఏంటోయ్, ఈ వయసులో డిప్ప కటింగా!" అని పకపకా నవ్వారు. ఒళ్లు మండిపోయింది. ఎందుకు కత్తిరించుకున్నావని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయింది? అప్పటినుంచీ ఏం చెప్పినా "ఆయ్" అని ఊరుకున్నాను. ఆయనంతట ఆయన అడిగేదాకా నేనూ చెప్పదలుచుకోలేదు.

అయినా గళ్ల దగ్గర కూర్చున్నాను. ఎంత కోపమొచ్చినా ఆ అలవాటు మానలేను.

"నిలువు ఏడు" అన్నారాయన. "టీలో ముంచితే తిండి, తలమీద చుడితే సింగారం. రెండక్షరాలు." చదివి, నా తలవైపు చూసి చటుక్కున పేపర్లోకి తల దించేశారు.

"బన్ను" అని రాసేశాను.

"ముడిని కూడా బన్నే అంటారేంటి?"

"ఆయ్. ఈ కాలం పిల్లలు అలాగే అంటారు."

ఆయన బన్ను తుంచబోయి ఆగారు. "అంత ముడి ఎందుకు తీయించేసేవు?"

"కుడిచెయ్యి భుజం పైకి లేవట్లేదండీ. ఆర్నెల్లైంది. వెనక్కి పెట్టి ముడేసుకుంటుంటే ప్రాణం పోయేది."

రాయడానికి చెయ్యి ఎత్తక్కర్లేదు, వంటకీ అంతగా అక్కర్లేదు. అందుకే ఆయనకి తెలియలేదు. నేనూ చెప్పలేదు, అదొక పౌరుషం నాకు.

ఆయన బన్ను పళ్లెంలో పెట్టేశారు. "నాకు చెప్పకూడదేంటోయ్? ముడి నేను వేసేవాణ్ణిగా" అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. ఆర్నెల్లు పళ్లు బిగబట్టుకుని దువ్వుకున్నానే గానీ, ముడి వేసే మనిషి ఇంట్లోనే ఉన్నాడని ఒక్కసారీ తోచలేదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఇప్పుడు జుట్టు మళ్లీ భుజాలు దాటింది. రోజూ పొద్దున్నే ఆయనే ముడి వేస్తున్నారు. అది ఓ పక్కకి ఒరిగి, నేను వీధి గుమ్మం దాటేలోపే జారిపోతుంది. నా చెయ్యి ఎప్పుడో నయమైంది, మునుపటిలాగే పైకి లేస్తోంది. ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.