కమర్ వాషర్ ఎవరి మాట

పటాన్‌చెరులో పంపుల విడిభాగాల దుకాణంలో ఎనిమిదేళ్లు పనిచేసి, 1997లో మజహర్ ఆ కొలువు మానేశాడు. ప్రతి భాగానికీ కంపెనీ ఒక నంబరు ఇస్తుంది. మెకానిక్ దాన్నే మరో పేరుతో అడుగుతాడు. ఈ రెండూ కలవక కౌంటరు దగ్గర ఎంత పొద్దు పోతుందో మజహర్‌కు తెలుసు. అందుకే రెండేళ్లు పంపులు బాగుచేసే షెడ్డు షెడ్డుకూ తిరిగి పేర్లు రాసుకున్నాడు. నాలుగు వేల భాగాలకు నంబరూ వాడుకపేరూ జతచేసి, కంప్యూటరులో వెతుక్కునే పట్టికగా అమర్చాడు. ఆ ఫ్లాపీలను దుకాణాలకు అమ్మడమే అతని బతుకుదెరువయింది.

ఎవరైనా నకలు చేస్తే పట్టుబడాలని ఒక్క పేరు మాత్రం తానే కల్పించాడు. పంపు మధ్యలో పడే రబ్బరు చుట్టుకు ఏ షెడ్డులోనూ వేరే పేరు లేదు. తల్లి ఖమరున్నీసా పేరు తలచుకుని దానికి ‘ఖమర్ వాషర్’ అని పేరు పెట్టి, పట్టికలో ఇంగ్లిషు అక్షరాలతో Kamar Washer అని రాశాడు.

2001లో పాత యజమాని అదే పట్టికను సీడీగా చేసి, తనదని అమ్మసాగాడు. అందులో ఖమర్ వాషర్ కూడా ఉంది. మజహర్ దగ్గర కొనేవాళ్లు తగ్గిపోయారు. అతడు సంగారెడ్డిలో న్యాయవాది కమలాకుమారిని ఆశ్రయించాడు. జనం నోటి మాటలపై ఎవరికీ హక్కు లేదని, వాటిని ఎంచి కూర్చిన తీరుకు మాత్రం కాపీరైటు ఉంటుందని ఆమె వివరించింది. తన మనిషే షెడ్లు తిరిగి పేర్లు సేకరించాడని యజమాని ఆమె పంపిన నోటీసుకు జవాబిచ్చాడు. ఇక ఆ కల్పిత పేరే ఆధారం; అది షెడ్లలో లేని మాట అని చెప్పే సాక్షి కావాలి.

మజహర్ తనకు మొదట పేర్లు చెప్పిన మెకానిక్ పెద్దరాములును వెంటబెట్టుకు వెళ్లాడు. ఆ మాట తెలుసా అని కమలాకుమారి అడిగింది.

“ఎందుకు తెల్వది మేడం? మా షెడ్డుల అందరం గదే అంటం. కమర్ అంటె నడుము గదా. పంపు నడుముకేస్తం, గందుకే కమర్ వాషర్,” అన్నాడు పెద్దరాములు, సాయపడుతున్నానన్న ఉత్సాహంతో.

“అన్నా, గది నేను పెట్టిన పేరు. మా అమ్మీ పేరు.”

“నువ్వు పెట్టుడేంది తమ్మీ? గది గూడ నేనే జెప్పి ఉంట నీకు.”

కమలాకుమారి కలానికి మూత పెట్టింది. పట్టిక చూసి కౌంటర్లలో పలికిన పేరు షెడ్లకు చేరి, ‘ఖ’ పోగొట్టుకుని, అర్థం కూడా సంపాదించుకుంది. యజమాని మనిషి దాన్ని అక్కడే విన్నానంటే కాదనలేమని ఆమె మజహర్‌తో మెల్లగా చెప్పింది.

ఇంట్లో ఖమరున్నీసా వకీలు ఏమందని అడిగింది. ఆ పట్టికలో తన పేరుందని ఆమెకు తెలియదు. గెలిచాక చెబుదామనుకున్నాడు మజహర్. మరో సాక్షిని వెతకాలన్నదని మాత్రం చెప్పాడు.