రూతమ్మ టీచర్ నోటి మీద వేలు

ఎదుటివాడు మాట పూర్తిచేసేదాకా ఆగే అలవాటు రూతమ్మ టీచర్‌కు లేదు. ఉప్పల్ చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్య ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, మూడో వరసలోంచి ఆ వాక్యం తాలూకు మిగతా సగం వినిపించేది. బస్సులో కండక్టరు నోరు తెరవకముందే "నాచారం ఒకటియ్యి, చిల్లర లేదు, అడగకు" అనేది. మంచి మనిషే, మనసు వెన్న. నోరే, ఏం చెప్పమంటారు, గడియ లేని తలుపు.

జనగామ దగ్గర పల్లెలో పుట్టి, హాస్టళ్లలో చదువుకుని, నాచారంలో ఫ్యాక్టరీల వెనక ఉన్న ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు పంతులమ్మ అయింది. భర్త అబ్బయ్య అక్కడే ఒక మిల్లులో ఫిట్టరు. ఆయన నిదానం మనిషి. ఈవిడ పక్కన ఇంకెలా ఉంటాడు పాపం.

ఎనభై ఎనిమిదిలో ఆమెకు తొమ్మిదో తరగతి అప్పగించారు. వెనక బెంచీల్లో ఆరుగురు ఉన్నారు. విక్టోరియా ఒక్కతే ఆడపిల్ల, మిగతావాళ్లకు మీసాలొస్తున్నాయిగానీ, చదవడం ఒక్కరికీ రాలేదు. బోర్డు మీదిది బొమ్మ గీసినట్టు దించుతారు, పుస్తకం తెరిచి చదవమంటే చెమటలు పడతాయి. ఏడో తరగతి పరీక్ష ఎలా గట్టెక్కారో ఆ దేవుడికే ఎరుక. ఆరుగురిలో అందరికంటే పొడుగు మోషే, అందరికంటే వెనకబడ్డదీ వాడే.

హెడ్మాస్టరు జనార్ధనరావుగారు రూతమ్మను గదికి పిలిచారు. "పదో తరగతి ఫలితాలు చూసి పైవాళ్లు నన్ను ఉతికి ఆరేస్తున్నారండీ. అర్ధసంవత్సర పరీక్షలనాటికి వీళ్లకి చదవడం వస్తే సరే. లేదంటే టీసీలు చేతిలో పెట్టి పంపేద్దాం."

ఈ కబురు మోషే తల్లి పాపమ్మ చెవిన పడింది. ఆమె మిల్లులో ఊడ్చే పని చేస్తుంది. చీపురు చంకన పెట్టుకునే బడికి వచ్చింది.

"టీచరమ్మా, వాళ్ల నాయిన మూటలెత్తి నడుం పోగొట్టుకున్నడు. వీడన్న పది పాసయితే మిల్లుల లోపట కుర్చేసుకొని కూసుంటడనుకున్న. ఇప్పుడు పంపిస్తే మల్ల అవే మూటలు."

రూతమ్మ వెనకాముందు చూడలేదు. "ఫికర్ జెయ్యకు పాపమ్మా, నేన్ జదివిస్త" అని మాటిచ్చేసింది.

ఇచ్చింది సరే, నిలబెట్టుకోవడమెలా? బడి విడిచాక రోజూ ఆరుగురినీ కూర్చోబెట్టేది. మోషే "వా... నా..." అని ఆగగానే "వానాకాలం" అని అందించేది. వాడు "వానాకాలం" అనేవాడు. తర్వాతి మాట దగ్గర మళ్లీ ఆగి చూసేవాడు. పుస్తకం వంక కాదు, ఆమె ముఖం వంక. దసరా దగ్గరపడినా ఆరుగురిలో ఒక్కరూ అంగుళం కదల్లేదు. రూతమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటూ అబ్బయ్య, "పప్పుల జర..." అన్నాడు.

"ఉప్పు తక్కువైంది, ఎరుకే నాకు."

"కాదు, నెయ్యెయ్యమందామనుకున్న." అబ్బయ్య నవ్వాడు. "పెండ్లయినకాడికెల్లి ఒక్క ముచ్చటన్న నన్ను ఆఖరిదాంక చెప్పనిచ్చినవా రూతూ? అందుకే చెప్పుడే బంద్ జేసిన. నువ్వే చెప్తవ్ గదా, నాకెందుకు కష్టం."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. మోషే గుర్తొచ్చాడు. అక్షరాలూ గుణింతాలూ వాడికి రాకపోలేదు. కూడబలుక్కుని మాట చేసుకునేలోపు పక్కవాడో, వెనకవాడో, పంతులో అందించేస్తూ వచ్చారు. ఒకటో తరగతి నుంచి ఇప్పటిదాకా వాణ్ణి ఒక్క మాటా సొంతంగా పూర్తిచేయనివ్వలేదు. అందరూ సాయమే చేశారు మరి. అందరికంటే ఎక్కువ సాయం చేసింది తనే.

మర్నాడు సాయంత్రం కొత్త షరతు పెట్టింది. "ఇయ్యాల్టి సంది ఒకరు చదువుతుంటే మిగిలినోళ్లు నోటి మీద వేలేసుకోవాలె. ఎంతసేపైనా సరే. అందిచ్చినోళ్లకు నా చేతిల తన్నులే."

చిన్న తరగతుల్లో అల్లరి చేసిన పిల్లలకు చెప్పే మాట అది. మీసాలొచ్చినవాళ్లు పకపకా నవ్వారు. రూతమ్మ ముందుగా తన నోటి మీదే వేలు పెట్టుకుంది.

అబ్బో, ఆ వారం ఆమె పడ్డ యాతన పగవాళ్లకు కూడా వద్దు. మోషే "పొ... లి..." అని ఆగితే "పొలిమేర" ఆమె నాలుక చివర గంతులేసింది. వేలు కొరుక్కుంది. పక్కనున్న విక్టోరియా, "టీచర్, జర చెప్పరాదుండ్రి, పాపం" అంటే తల అడ్డంగా ఊపింది. బయట మిల్లు సైరన్ మోగి ఆగింది. మోషే అక్షరాన్ని పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. ఆఖరికి "పొలిమేర" అని, ఎవరు అందించారా అన్నట్టు చుట్టూ చూశాడు. ఎవరూ అందించలేదు. వాడి ముఖంలో వెలుగు చూసి రూతమ్మ ఆ రాత్రి భర్తకు నెయ్యి రెండు చెంచాలు వేసింది.

ఆ తర్వాత వాళ్లను పట్టేవాళ్లు లేరు. ముందు వత్తులు దిద్దడం, తర్వాత చదవడం. నవంబరు దాటేసరికి పాఠాలు నడకలో పడ్డాయి.

ఆ బడిలో పొద్దున ప్రార్థన కాగానే ఒకరు పేపర్లో వార్తలు చదవడం ఆనవాయితీ. పరీక్షల ముందు జనార్ధనరావుగారు ఆ రోజు పేపరు తెప్పించారు. "పాఠమైతే బట్టీ పట్టొచ్చు, ఇవాళ్టి వార్త పట్టలేరుగా. అందరికంటే వెనకబడ్డవాడు మోషే. వాడు చదివితే ఆరుగురూ పదికే" అన్నారు.

మోషే అరుగెక్కాడు. మిల్లుకు వెళ్తున్న పాపమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది.

"నాచారం... పారి... పారిశ్రామికవాడకు... నీటి సరఫరా..."

అక్కడ ఆగాడు. ఎదురుగా ఉన్న మాట "పునరుద్ధరణ". వరసల్లో కిసుక్కున నవ్వారు. మోషే మెడ మీద చెమట పట్టింది. జనార్ధనరావుగారికే జాలేసి, "పున..." అంటూ నోరు తెరిచారు.

రూతమ్మ సూటిగా ఆయన వంక చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. అవును, హెడ్మాస్టరుకే. తోటి టీచర్లకు గుండె ఆగినంత పనైంది. వెనక వరసలోంచి విక్టోరియా వేలు పెట్టింది, మిగతా నలుగురూ పెట్టారు. వాళ్లను చూసి చిన్న తరగతులన్నీ అలవాటుకొద్దీ పెట్టేశాయి. జనార్ధనరావుగారు నోరు మూసుకున్నారు.

"పు... న... పున... రు... ద్ధ..." మోషే పేపరు కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. "పునరుద్ధరణ." ఇంకోసారి గట్టిగా అన్నాడు. "నీటి సరఫరా పునరుద్ధరణ."

గేటు దగ్గర పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జనార్ధనరావుగారి ముఖం విప్పారింది. "చాల్రా అబ్బాయ్, చాలు. ఆరుగురూ పదికే" అంటూ పేపరు కోసం చెయ్యి చాచారు.

మోషే పేపరు వెనక్కి లాక్కున్నాడు.

"జర ఆగుండ్రి సార్," అన్నాడు, "ఇంకా అయిపోలే."

ఆ వార్త ఆఖరిదాకా చదివాడు. దాని కింద ఉల్లిగడ్డ ధర ఉంటే అదీ చదివాడు. రూతమ్మ కళ్ల నీళ్లు వేలి మీదుగా కారుతున్నా వేలు తీయలేదు. మొదటి పీరియడ్ గంట కొట్టడానికి వచ్చిన అటెండరు కూడా సుత్తి కింద పెట్టి, నోటి మీద వేలేసుకుని నిలబడ్డాడు.