అష్టమి నాటి పరీక్ష

సముద్రాన్ని మొదటిసారి చూసిన నెలలోనే నన్ను సముద్రం గురించి పాఠం చెప్పమన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మాది నరసరావుపేట అవతల నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప ఇంకో సంగతి ఎరగం. వాగులో మోకాలి లోతు దాటి దిగనివాణ్ణి నేను. అలాంటివాణ్ణి పట్టుకుని, అరవైల మొదట్లో, ఒక సర్కారు ఆఫీసులో ఉద్యోగమిచ్చి బాపట్ల అవతల ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఊరికి పంపారు. చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టారు. ఆటుపోట్లు తెలుసుకుని ఎక్కువ చేపలు పట్టడమెలాగో జాలర్లకు నేర్పాలట! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఆ పుస్తకంలో వేళలన్నీ ఎక్కడో దూరపు హార్బరువి. మొదటి రోజు నేను దాన్ని గట్టిగా చదువుతుంటే ఒడ్డున కూర్చున్నవాళ్లు మర్యాదగా విన్నారు. చివర్లో ఒక పెద్దాయన, "బాగా చదివారండి" అన్నాడు. అంతే. ఆ మర్యాదకు నాకు చెమటలు పట్టాయి.

పంచడానికని మా ఆఫీసు నుంచి ఆ ఊరికి ఏడు నైలాన్ వలలు వచ్చాయి. అప్పటిదాకా అందరివీ నూలు వలలే. తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఎండబెట్టినా ఏడాది తిరిగేసరికి చివికిపోయేవి. నైలాన్ వల అంటే కొన్నేళ్ల పాటు చింత లేనట్టే. ఆరు వలలు ఆరుగురు మగవాళ్లు సంతకాలు పెట్టి, పెట్టలేనివాళ్లు వేలిముద్రలు వేసి పట్టుకెళ్లారు. ఒక్కరినీ ఎవరూ ఏమీ అడగలేదు. ఏడోది ఒక ఆడమనిషి అడిగింది.

ఆమె భర్త పడవ మీద నుంచి పడి నడుం విరిగి రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. ఆడమనిషికి సముద్రంలోకి వెళ్లే వీలు లేదు గనుక ఆమె ఉప్పుటేరులోనే, పక్కపాయకు అడ్డంగా రెండు గుంజలు పాతి సంచిలాంటి వల కట్టేది. నీళ్లు దిగేటప్పుడు వాటితో పాటు కొట్టుకొచ్చే రొయ్యలు, చేపలు అందులో పడాలి. ఇల్లంతా దాని మీదే గడవాలి. ఆ నూలు వల ఎన్ని చోట్ల కుట్టారో, అసలు వల కన్నా కుట్లే ఎక్కువ కనిపించేవి.

ఆడదానికి వల ఇవ్వొచ్చా అని నేను రాస్తే, మా ఆఫీసరు గారు స్వయంగా వచ్చి ఆమె చేపలు పట్టడం చూసి తేలుస్తానన్నారు. మగవాళ్లకు లేని పరీక్ష ఈమెకెందుకు? అడిగినవాడు లేడు. ఫలానా తేదీ, పొద్దున పదకొండు గంటలకు అని ఉత్తరం వచ్చింది. పదకొండే ఎందుకంటే, పన్నెండున్నరకు ఆయన బాపట్లలో భోజనానికి కూర్చోవాలి.

ఉత్తరం సంగతి చెప్పగానే ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ఆ రోజు అష్టమి బాబూ. ఒక వారం ఆగమనండి."

"వారానికేమవుద్ది?"

"అమావాస్య అవుద్ది. పొద్దున పదింటికల్లా పోటు నిండి, పాటు మొదలవుద్ది. నీళ్లు గుంజుకుపోతాయి. అష్టమినాడు పదకొండింటికి నీళ్లు ఎదురెక్కుతుంటాయి, అవి కూడా నీరసంగా. వల్లో ఏం పడుద్ది, నా మొహం?"

పోటంటే నీళ్లెక్కడం, పాటంటే దిగడం. అంతవరకు నాకు పుస్తకం చెప్పింది. కానీ రోజుకు రెండు గడియల చొప్పున, అంటే ముప్పావు గంట పైన, ఆ వేళ ఆలస్యమవుతుందనీ, అమావాస్యకీ పున్నానికీ ఉండే ఊపు అష్టమికి ఉండదనీ, ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి తన గుంజల దాకా నీళ్లు రావడానికి ఇంకో గంట పడుతుందనీ ఆమె నోటి లెక్కతో చెప్పింది. నా మొహం చూసి ఇంకా ఎక్కలేదనుకుందేమో, నవ్వింది.

"మీ వైపు సంతలకి ఎండుచేపలు తెచ్చేదాన్ని. మీ రేగట్లో వాన పడ్డ గంటకే గొర్రు కడతారా? పదును చూడరూ? ఇదీ అంతే."

పదును అనగానే నాకు తలకెక్కింది. మా రేగడి తడి ఎక్కువైతే కాలికి అంటుకుంటుంది, ఆరిపోతే రాయి. మధ్యలో ఆ రెండు మూడు రోజులే పదును. ఫలానా తేదీన విత్తమని ఎవడైనా ఉత్తరం రాస్తే మా నాన్న ముల్లుగర్ర తీసుకుని వాడి వెంటపడేవాడు. ఇంత తేలిక సంగతి, ఆఫీసరు వచ్చినప్పుడు చెప్పడమెంత అనుకున్నాను.

అష్టమినాడు జీపు వచ్చింది. బూట్లకు బురద అంటకుండా ఆయన కోసం ఊరివాళ్లు తాటిపట్టెలు పరిచారు. నేను దగ్గరికి వెళ్లి, "సార్, ఈ రోజు పాటు..." అని మొదలుపెట్టాను. ఆయన గడియారం చూసుకుని, "పుస్తకం ఇచ్చాం కదయ్యా, నేర్పలేదా?" అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

ఆమె నడుం లోతు నీళ్లలో నిలబడి వల కట్టింది. ఎదురెక్కే నీళ్లలో వల సంచి ఉబ్బలేదు, తడిగుడ్డలా గుంజకు చుట్టుకుంది. అరగంట తర్వాత ఎత్తితే రెండు పీతలు, కాస్త నాచు. గట్టు మీది మగవాళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "అయ్యా, ఇది వేళ కాదు" అనలేదు. వాళ్లందరికీ తెలుసు. వల మిగిలితే ఎవరికో ఒకరికి వస్తుందని కూడా తెలుసు. ఆఫీసరు గారు నా నోటుబుక్కే తీసుకుని, "వృత్తి నైపుణ్యం లేదు, తగదు" అని రాసి, కింద నా చేత కూడా సంతకం పెట్టించి వెళ్లిపోయారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

ఆ ఏడో వల ఊరిపెద్ద అల్లుడికి పోయింది. అతను ఏనాడూ ఉప్పుటేట్లో కాలు పెట్టినవాడు కాదు. నాలుగు రోజుల్లోనే దాన్ని కోళ్లగూటి చుట్టూ దడిగా కట్టాడు.

అమావాస్యనాడు నేనే ఆమె వెంట వెళ్లాను. పదింటికి నీళ్లు కాసేపు నిలిచి, తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాయి. ఆమె ఆ కుట్ల వలే కట్టింది. పదకొండయ్యేసరికి గుంజలు వణుకుతున్నాయి. ఒంటిగంట దాటాక వల ఎత్తడానికి ఆమె ఒక్కతి చాలలేదు, నేనూ దిగి పట్టాను. రొయ్యలు, జెల్లలు, పేరు తెలియని వెండి చేపలు గట్టు మీద కుప్పపడ్డాయి. ఎత్తేటప్పుడు ఒక పక్క నూలు పుటుక్కున తెగి సగం దాకా తిరిగి నీళ్లలోకి పోయాయి కూడా.

నాకు కోపం ఆగలేదు. ఆ ఆఫీసరు గుడ్డెద్దు చేలో పడ్డట్టు వచ్చిపోయాడని, సముద్రం ఆయన భోజనం వేళకు లేచి కూర్చోవాలా అని, ఇంకా చాలా తిట్టాను. పైవాళ్లకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తానన్నాను.

ఆమె రొయ్యల్ని బుట్టలోకి ఏరుతూ తలెత్తకుండానే అంది.

"ఆయనకి తెలీదు బాబూ. ఆయన్ని తిట్టి ఏం లాభం? మీకు తెలుసుగా. ఆ రోజు గట్టు మీద నిలబడ్డప్పుడు తెలుసుగా మీకు."

ఉద్యోగం పోతుందని భయపడ్డానమ్మా అని చెబితే సరిపోయేది. అది కూడా చెప్పలేదు.