పులికి చోటు

కామాటిపురలో మా పాత చాల్‌ను, ఇంటికో గది చొప్పున ఉన్న చెక్క మేడను, కూలుస్తున్నారు. తడిసిన టేకు వాసన తగలగానే రెండో తరగతి నాటి భయం మళ్ళీ పట్టుకుంది.

ఆ రోజు టీచర్ వానల అడవి బొమ్మ చూపించి, "చెట్లు నరికేస్తే పులికి ఇల్లుండదు, వెతుక్కుంటూ బయటికొస్తుంది" అన్నారు. మా తాతలు అడవి టేకుతో కట్టిన చాల్ మాది. ఆ సాయంత్రం వానలో చెక్కమెట్లు కిర్రుమన్నప్పుడల్లా పులి ఎక్కి వస్తోందనుకున్నాను.

"అవ్వా, పులొచ్చి దాని చెట్లు అడిగితే?"

అవ్వ బియ్యం ఏరుతూనే, "రానీ బిడ్డా. దాని ఇల్లు కొట్టుకొచ్చే గదా మనం ఇల్లు కట్టుకున్నం. జర జరిగి జాగ ఇద్దాం" అంది.

నా భయం రెట్టింపైంది. ఆ ఒక్క గదిలో మాకే కాళ్లు చాపుకునే వీల్లేదు. అయినా గోడకు అతుక్కుని కూర్చుని, పులికి సరిపడా చాప ఖాళీగా వదిలాను.

ఇప్పుడు ఇల్లు వెతుక్కుంటున్నది మేము. మమ్మల్ని చూసి ఎవరూ జరగడం లేదు.