ఊఁ మావయ్యగారి ఇంటిపాలన

మావయ్యగారు అందరిచేతా ఊఁ అనిపించుకోనిదే పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. ఈ సంగతి పెళ్ళికి ముందు తనకెవరూ చెప్పలేదని కొత్తకోడలి బాధ. చెబితే మాత్రం ఏం చేసేది? అప్పటికే ఆ ఇంట్లో అందరూ ఊఁ అనేశారాయె.

ఆయన ఇంటర్నెట్ ఆఫీసులో గుమాస్తా. అందరూ వెళ్ళనన్న ట్రైనింగుకి పైవాళ్ళు ఈయన్ని పంపేశారు. ఇంటర్నెట్‌ని ఎవరు పాలించాలి, ఇంకా ఎదుగుతున్న మనలాంటి దేశాలు అందులో నోరెలా విప్పాలి అన్నది అక్కడి పాఠం. తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా ప్రకటించారు.

"ఇంటర్నెట్‌కి యజమాని లేడు. ఇవాళ్టి నుంచి ఈ ఇంటికీ లేడు."

"మరి కరెంటు బిల్లెవరు కడతారు?" అన్నారు అత్తగారు.

"అదీ చర్చిద్దాం!"

ఇంటర్నెట్ నియమాలు రాసే ఇంజినీర్లు ఓట్లు వెయ్యరట. నోరు మూసుకుని ఊఁ అంటారట. ఎటు ఊఁ గట్టిగా వినబడితే అటు మొగ్గు. ఎవరన్నారో చూడకుండా కళ్ళు మూసుకోవాలన్నది మాత్రం మావయ్యగారి సొంత సవరణ.

ఇక చూడండి! తలుపు బందులకి నూనె పెట్టాలా? ఊఁ. పాలవాణ్ణి మార్చాలా? అతనూ భాగస్వామేనంటూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతను గుండెల నిండా గాలి పీల్చి తనవైపే ఊఁ అని గెలిచాడు. సమావేశాలన్నీ ముందుగదిలోనే, మామ్మగారి మంచం చుట్టూ. మామ్మగారంటే మావయ్యగారి తల్లి. పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. కిటికీలోంచి వీధిలో వచ్చేపోయేవాళ్ళని చూడటమే ఆవిడకి కాలక్షేపం.

ఒకసారి ఎవరూ ఒప్పుకోని తీర్మానం గెలిచి కూర్చుంది. ఆరా తీస్తే, ఊఁ అన్నది ఫ్రిజ్. "దానికి అభిప్రాయం లేదు, అన్నిటికీ తలూపే రకం!" అని మావయ్యగారు ప్రతి సమావేశానికి ముందూ ప్లగ్గు పీకడం మొదలెట్టారు. ఇంట్లో పాలు విరగడమూ మొదలైంది.

"మీ నాన్నగారు మొదట్నుంచీ ఇంతేనా?" అని కోడలు భర్తని అడిగింది.

"లేదు. ఇదివరకు ఎవర్నీ అడిగేవారు కాదు. హాయిగా ఉండేది."

అలా ఉండగా మావయ్యగారి అన్నగారు ఊడిపడ్డారు. "అమ్మని వెనకగదిలోకి మార్చి, ఈ ముందుగదిని సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకిచ్చేద్దాంరా. ఆవిడకేం తెలుస్తుంది గనక?"

వెనకగదికి కిటికీ లేదు. కోడలికి గుండె చివుక్కుమంది. కానీ కొత్తగా వచ్చిన పిల్ల, అంత పెద్దాయనకి ఎదురెలా చెబుతుంది? అత్తగారూ తలొంచుకున్నారు. మావయ్యగారు మాత్రం అన్నగారికి ఊఁల పద్ధతీ, ఫ్రిజ్ చేసిన నిర్వాకమూ చెప్పి, లేచెళ్ళి దాని ప్లగ్గు పీకి వచ్చారు.

"కళ్ళు మూసుకోండి. గది మార్చాలనేవాళ్ళు?"

అన్నగారి ఊఁ దర్జాగా మోగింది.

"వద్దనేవాళ్ళు?"

కోడలు ధైర్యం చేసి ఊఁ అంది. అత్తగారూ, భర్తా అందుకున్నారు. అంతలో అందరి గొంతులనీ ముంచేస్తూ మంచం మీంచి ఒక ఊఁ లేచింది. లేచింది, ఎంతకీ ఆగదే!

"ఒరేయ్, అది ఫ్రిజ్‌రా!" అని అరిచారు అన్నగారు.

"ప్లగ్గు పీకానన్నయ్యా. కళ్ళు మూసుకో."

అన్నగారు మూసుకోలేదు. తల్లిని చూశారు. "అంత గట్టిగానా అమ్మా?" అంటూ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

కుర్చీలు సర్దుతూ కోడలు అడిగింది. "మావయ్యగారూ, ఆ ట్రైనింగులో ఇంకేమీ నేర్పలేదాండీ?"

"బోలెడు నేర్పారమ్మా. అన్నిటికీ మాట కావాలి. అమ్మకి మిగిలింది ఈ ఊఁ ఒక్కటే. అందుకని దీన్నే మూటగట్టుకొచ్చాను."

ఈ చాదస్తపు మనిషి మీద కోడలికి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. అత్తగారు కళ్ళొత్తుకుని, "అంతా బాగానే ఉందిగానీ, పాలు విరుగుతున్నాయండీ" అన్నారు.

"సరే, అదీ తేల్చేద్దాం. ఈ ఊఁ గోల మానేద్దామనేవాళ్ళు?"

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎవరూ కిక్కురుమనలేదు. మంచం మీంచి మాత్రం ఖంగుమని వినబడింది, ఊఁ!

మావయ్యగారు మొదటిసారి నియమం తప్పి ఒక కన్ను తెరిచారు. మామ్మగారు ఒకవైపు మూతితో కొంటెగా నవ్వుతున్నారు.

"ఇది మాత్రం ఫ్రిజ్" అని తేల్చేసి, ఆయన ప్లగ్గు పెట్టడానికి వెళ్ళారు.