కాపలా మట్టి

కొత్తపేట శివార్లలో కొబ్బరి పీచు చాపలకు రంగులద్దే ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ దాని గేటు ముందు వీరవేణి పెసరట్లు వేసింది. తొంభై ఆరు తుపాను ఫ్యాక్టరీ రేకుల కప్పును ఎగరేసుకుపోయింది. యజమాని మళ్లీ కప్పు వేయించలేదు. పనివాళ్లు పోయారు. పెసరట్లు తినేవాళ్లూ వాళ్లే. మిగిలింది నేలలోకి ఇంకిన రంగు. అక్కడి బావిలో చేద వేస్తే నీలం నీళ్లు వచ్చేవి.

రెండువేల నాలుగులో రామచంద్రపురం నుంచి సోమేశ్వరరావు అనే ఆయన వచ్చి ఆ స్థలం కొన్నాడు. కింద కొట్లు, పైన ఇళ్లు, మధ్యలో చిన్న బడి, వాన నీరు నిలిచే చెరువు. అన్నీ అట్ట మీద బొమ్మ గీయించి గేటుకు కట్టాడు. ఆ బొమ్మలో మూల కొట్టు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తన దగ్గర అట్టు తినడానికే వచ్చాడని వీరవేణికి అనిపించింది.

"ఆ మూల కొట్టు నాకిప్పించండి బాబుగారూ. ఈ గేటు కాడే ముసలిదాన్నయిపోయేను."

"ఇస్తానమ్మా. ముందు నాకో పని చేసిపెట్టు."

పని పెద్దదేం కాదు. రంగు పట్టిన పైమట్టిని గీసి గుట్ట పోశారు. అలాంటి చెత్త కోసమే కట్టిన గొయ్యి ఎక్కడో దూరాన ఉంది. అక్కడికి లారీలు తీసుకెళ్లేదాకా తట్టెడు మట్టి కూడా బయటికి పోకూడదు. పోతే ఊరి బావులు పాడవుతాయి. మూల కొట్టు కూడా పోతుంది.

వీరవేణి గుట్ట పక్కన నులకమంచం వేసుకుంది.

దొడ్డి పల్లంలో ఉన్నవాళ్లకు ఎక్కడ మట్టి కనిపించినా చెయ్యి దురద పెడుతుంది. మెరక చేసుకోకపోతే వానాకాలమంతా గుమ్మంలో నీళ్లే. అందరికన్నా ముందు తోడికోడలు నాగదుర్గ వచ్చింది.

"పారబోసే మట్టేగా అక్కా. నాలుగు తట్టలియ్యి."

"విషమంటన్నారే."

"విషానికి కాపలా ఎవరు పెడతారు? మంచిది కాబట్టే పెట్టేరు."

"మంచిది అదిగో, గోదావరి ఒండ్రు. ఇక్కడ నింపడానికి తెచ్చేరు. పట్టుకుపో, బాబుగారు ఏమనరు."

నాగదుర్గ ఒండ్రు గుట్టకేసి జాలిగా చూసింది.

"దానికి కాపలా లేదుగా అక్కా. పస లేదన్నమాట."

ఆ మాట ఊరంతా తిరిగింది. వీరవేణి కేకలేసిన కొద్దీ ఆ మట్టి మీద గౌరవం పెరిగింది. ఆమె గుట్ట చుట్టూ ముళ్లకంచె వేయించింది. దాంతో ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఆమె అన్నానికి వెళ్లినప్పుడల్లా కంచె వెనక తట్టలు కదిలాయి. గుట్ట ముందు వైపు కొండలా ఉంది. వెనక వైపు లేదు.

తొలకరి పడింది. వీధి కాలువ నీలంగా పారింది. పోలయ్య తెల్లబాతులు నీలం బాతులై ఇంటికొచ్చాయి. తనవి కావని అతను వాటిని తోలేశాడు. వీరవేణి ఆ నీలం వెంటే నడిచి నాగదుర్గ దొడ్లో తేలింది.

"ఇచ్చెయ్యవే. నీళ్లు చూడు, ఎలా ఉన్నాయో."

"సారం అక్కా. సారం లేని మట్టికి రంగెక్కడిది? మళ్లీ అడుగుతున్నారంటే ఇంకెంత మంచిదో. నేనివ్వను."

వీరవేణి గేటు దగ్గరికి తిరిగొచ్చింది. బొమ్మలో మూల కొట్టు ముందు మనిషి వానకు చెరిగిపోయాడు. ఆమె మంచాన్ని నెత్తిన పెట్టుకుని వెళ్లి ఒండ్రు గుట్ట పక్కన వేసింది. ముళ్లకంచె కూడా అక్కడికే మార్పించింది.

సాయంత్రానికి నాగదుర్గ వచ్చింది.

"ఇందులో ఏముందక్కా?"

"ఏమీ లేదే. ఇంటికెళ్లు."

"ఏమీ లేకపోతే కంచె ఎందుకు?"

"నీలం మట్టి తట్ట తెచ్చినవాళ్లకి ఇది తట్ట ఇమ్మన్నారు బాబుగారు. నీకెందుకులే, నీ దగ్గరున్నది మంచిదేగా."

పొద్దు గూకకముందే నాగదుర్గ తట్టతో వచ్చింది. ఆమె వెనక వీధి వీధంతా వచ్చింది. దొడ్లు గోకి గోకి తెచ్చారు. నీలం గుట్ట వెనక వైపు నిండినా వరస తరగలేదు. పోలయ్య తెచ్చిన తట్టను వీరవేణి వాసన చూసింది.

"ఇది బట్టలకి పెట్టే నీలిమందు కదా పోలయ్యా."

"ఆయ్. ఇంట్లో అదే ఉందండి."

అతనికీ ఒక తట్ట ఒండ్రు పోసింది.

లారీలు వచ్చిన రోజు సోమేశ్వరరావు గుట్ట చుట్టూ తిరిగి చూశాడు.

"మేం పోసినదానికన్నా పెరిగిందేంటమ్మా?"

"మా ఊరోళ్లు మర్యాదస్తులండి. తీసుకున్నదానికన్నా ఎక్కువే ఇస్తారు."

లారీలతో వచ్చిన ఇంజనీరు దొడ్లన్నీ తిరిగి, ఇంకా నీలం మిగిలినచోట గీయించాడు. ఊరి బావుల నీళ్లు పరీక్షకు పంపాడు. బాగానే ఉన్నాయని వచ్చాక వీరవేణికి నిద్ర పట్టింది.

మరో తొలకరికి పై ఇళ్లలోకి మనుషులు దిగారు. బడి గంట మోగింది. చెరువులో వాన నీళ్లు వాననీళ్ల రంగులోనే ఉన్నాయి. వీరవేణి మూల కొట్టులో పెనం పెట్టింది. ఉదయమంతా అల్లం పచ్చడే ఖర్చయింది, కొబ్బరి పచ్చడి గిన్నెను ఎవరూ ముట్టుకోలేదు.

ఆమె ఆ గిన్నె మీద మూత పెట్టి, పీట జరుపుకుని దాని పక్కన కూర్చుంది.

"అందులో ఏముందక్కా?" అంది నాగదుర్గ.